తోఫ్ట్ తోటలో ఉప్పునీళ్ళు

లింగ్‌బెక్ ఊళ్ళో కాఫీ రుచి మారిందని మొదట అన్నది బేకరీ ఆవిడ. ఆస్పత్రి వాసన వస్తోందని ఆవిడ ఫిర్యాదు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పశ్చిమ జట్లాండ్‌లో మనుషులు తొందరపడి దేన్నీ బాగాలేదనరు. బాగున్నదాన్నీ ‘ఫరవాలేదు’ అంటారు, బాగాలేనిదాన్నీ ‘ఫరవాలేదు’ అనే అంటారు. తేడా గొంతులో ఉంటుంది. కానీ ఆ చలికాలం చివర్లో బాప్తిస్మం తొట్టిలోని నీళ్ళు కూడా వాసనేస్తున్నాయని పాస్టరే అనేసరికి, ఊరి నీటి సంఘం అధ్యక్షుడు లౌరిట్స్ జిల్లా కార్యాలయానికి ఫోన్ చేశాడు.

అక్కడినుంచి ఎవరూ రావలసిన పని లేకపోయింది. ఆ పని చేసే మనిషి లింగ్‌బెక్‌లోనే, చర్చి వెనక అద్దెకు తీసుకున్న ఎర్ర ఇటుకల ఇంట్లో ఉండేది. పేరు ఆగ్నెటె రావ్న్. నలభై ఏడేళ్ళ మనిషి. నేల కింది నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో, ఎటు పోతున్నాయో, ఎంత వేగంగా పోతున్నాయో కొలిచి లెక్కగట్టడం ఆమె ఉద్యోగం. కోపెన్‌హాగన్ నుంచి వచ్చి ఆరేళ్ళయినా ఊళ్ళో ఆమెకు చనువైన ఇల్లంటూ ఒక్కటీ లేదు. ఎవరూ ఆమెతో గొడవ పడలేదు. ఆమె రాజధాని యాస వినగానే అందరికీ మర్యాద గుర్తొచ్చేది, అంతే. ‘మీరు’ అనేవాళ్ళు, తలుపు పట్టుకుని నిలబడేవాళ్ళు, ఆమె వెళ్ళాక మళ్ళీ తమ మాటల్లో పడేవాళ్ళు.

ఇసుక మైదానమంతా అక్కడక్కడ ఇనుప గొట్టాలు దింపి ఉండేవి. ఆగ్నెటె ఒక్కతే కారులో తిరిగి ఒక్కో గొట్టం మూత విప్పి టేపు వదిలేది. టేపు చివర బోర్లించిన చిన్న ఇనుప గిన్నె ఉండేది. అది నీళ్ళను తాకినప్పుడు లోతులోంచి ‘గుబుక్’మని వినబడేది. అంకె పైకి చదువుకునేది. కొన్ని రోజులు ఆమె నోటినుంచి వచ్చే మాటలు ఆ అంకెలే. మధ్యాహ్నం కారులోనే కూర్చుని నల్ల రొట్టె మీద లివర్ ముద్ద రాసుకుని తినేది. ఆదివారాలు వాళ్ళమ్మ ఫోన్ చేసేది. అమ్మ పోయాక ఆదివారాలు ఫోన్ మోగడం మానేసింది.

ఊరి బావి నీళ్ళు పరీక్షకు పంపితే తేలింది: కలుపు మందులాంటిదేదో కలిసింది. కొద్దిగానే, కానీ తాగకూడనంత. లౌరిట్స్ బావి మూయించాడు. పక్క ఊరినుంచి పాల ట్యాంకరులో నీళ్ళు రావడం మొదలైంది. జనం బిందెలూ బకెట్లూ పట్టుకుని సహకార కొట్టు ముందు వరస కట్టారు.

మందు ఎక్కడినుంచి వచ్చిందన్నదే ప్రశ్న. ఊరు దాదాపు అప్పుడే తీర్పు చెప్పేసింది: మూతపడ్డ రంపపు మిల్లు. మిల్లు యజమాని ఏనాడో చనిపోయాడు, వారసులు లేరు, నింద పడితే బాధపడేవాళ్ళెవరూ లేరు. ఆగ్నెటె మిల్లు చుట్టూ గొట్టాలన్నీ కొలిచింది. అక్కడి నీరు బావికి దూరంగా, దక్షిణానికి పోతోంది. వాలు స్పష్టంగా ఉంది, అనుమానానికి తావు లేదు.

మిగిలింది ఒక్కటే చోటు. ఊరికి తూర్పున కాస్త ఎత్తు మీదున్న తోఫ్ట్ తోట.

తోటంటే గాజు ఇళ్ళు. టమాటా, దోస, వసంతంలో పూలనారు. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళకు పని ఇచ్చేది అదే. యజమాని ఐనార్ తోఫ్ట్ యాభై దాటినవాడు, భార్య పోయినవాడు, తండ్రి తర్వాత తోట చూసుకుంటున్నవాడు. తోట కింది నీరు రెండు దారుల్లో దేన్నయినా పట్టొచ్చు: కుడివైపు వాగుకు, లేదా ఎడమవైపు ఊరి బావికి. అక్కడ నేల ఎంత చదునంటే, గొట్టానికీ గొట్టానికీ నీటిమట్టంలో తేడా వేలి మందం కూడా లేదు. ఆగ్నెటె చేతనైన లెక్కలన్నీ వేసింది. ఇసుక నీటిని ఎంత సులువుగా పోనిస్తుంది, వాలెంత, రేణువుల మధ్య ఖాళీ ఎంత. అన్నీ వేస్తే జవాబు వాగు వైపే మొగ్గింది. కానీ టేపు ఆ వేలి మందమంత పొరపాటు పడినా జవాబు తిరగబడుతుంది.

ఆమె ఆ సంగతి లౌరిట్స్‌కు చెప్పిన రెండో రోజు ఐనార్ తోఫ్ట్ ఆమె ఇంటికి వచ్చాడు. టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆగ్నెటె గారూ, మా తోట పేరు కూడా మీ లెక్కలో ఉందంటున్నారు."

"ఉంది. కానీ వాగు వైపే పోతోందని నా అంచనా. ఖాయంగా చెప్పలేను."

"ఖాయంగా చెప్పాలంటే ఏం చెయ్యాలి?"

ఆమె చెప్పింది. తోట కంచె దగ్గర ఒక గొట్టం దింపి అందులో బాగా ఉప్పు కలిపిన నీళ్ళు పోయాలి. కొంచెం అవతల మూడు గొట్టాలు దింపాలి, ఎడమకొకటి, మధ్యకొకటి, కుడికొకటి. ఉప్పునీటిలో కరెంటు సులువుగా పారుతుంది కాబట్టి, మీటరు ముంచి చూస్తే ఉప్పు ఏ గొట్టానికి చేరిందో తెలిసిపోతుంది. నీరు పోయే దారి అదే. నేల కింది నీరు వాగులా పరుగెత్తదు. రోజుకు జానెడో మూరెడో కదులుతుంది. అంచేత వారాలు పడుతుంది. బావి మూసినా లోపలి పంపు ఎప్పటిలాగే నడుపుతూ ఉండాలి, తోడిన నీళ్ళు బయటికి వదిలెయ్యాలి. లేకపోతే నీరు మామూలు దారిలో నడవదు.

అయితే ఆ గొట్టాలు తన నేలలోనే దింపమన్నాడు ఐనార్. మనుషుల్నీ ఇస్తానన్నాడు. "మాది కాదని తేలిపోతే మా ఆడవాళ్ళకి నిద్ర పడుతుంది. నాక్కూడా" అన్నాడు.

ఏప్రిల్‌లో పని మొదలైంది. మనుషుల్ని ఇస్తానన్నవాడు తనే వచ్చాడు. ఉప్పు బస్తాలు తనే మోశాడు, పాత పాలతొట్టిలో తనే కలిపాడు. ఇద్దరూ తడిసిన గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని గరాటాతో ఉప్పునీళ్ళు గొట్టంలోకి వదిలారు. "మీరు కొంచెం పక్కకి జరగండి, మీ చెయ్యి గరాటాకి అడ్డం" అంది ఆగ్నెటె. ఐనార్ తన ప్యాంటు వైపు చూసుకున్నాడు, తర్వాత ఆమె ప్యాంటు వైపు చూశాడు.

"ఇద్దరం పందుల్లా మట్టి కొట్టుకుపోయాం. ఇంకా మీరూ గారూ ఏంటి? నువ్వు అను, నేనూ అంటా."

ఆ ఊళ్ళో ఆమెను నువ్వన్న మొదటి మనిషి అతనే.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే ఆమె మూడు గొట్టాల్లో మీటరు ముంచి చూసేది. అతను ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని వచ్చేవాడు. ట్యాంకరు నీళ్ళతో కాచిన కాఫీ, అందుకని మంచి రుచిగానే ఉండేది. మొదట్లో అయిదు నిమిషాలు నిలబడేవాడు. తర్వాత్తర్వాత బోర్లించిన కుండీల మీద ఇద్దరూ కూర్చునేవాళ్ళు. మీటరు ముల్లు కదిలిందా అని అడిగేవాడు. లేదంటే, "మన నీళ్ళు కూడా జట్లాండ్ వాళ్ళే, తొందరేముంది" అనేవాడు. ఆమె నవ్వేది. తన నవ్వు తనకే కొత్తగా వినబడేదని ఆమె చాలా ఏళ్ళ తర్వాత ఎవరితోనో అంది.

అతను ఆమెకు నారు నాటడం చూపించాడు. ఆమె అతనికి టేపు వదలడం నేర్పింది. ‘గుబుక్’ శబ్దం విన్న మొదటిసారి అతను చెవి గొట్టానికి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. ఇన్నాళ్ళూ ఈ నేల మీద నడిచాను గానీ కింద ఏముందో ఒక్కసారీ వినలేదు అన్నాడు. మే నెలలో గ్రామ భవనంలో పాటల సాయంత్రం జరిగింది. ఐనార్ తన పక్క కుర్చీ మీద టోపీ పెట్టి, ఆమె వచ్చేదాకా ఎవర్నీ కూర్చోనివ్వలేదు. పక్కింటి బోదిల్ తోటలోనే పనిచేసేది. ఆ మర్నాడు ఆమె కంచె మీదినుంచి ఒక కట్ట పుల్లటి రూబార్బ్ కాడలు అందించి, "మా తోట ముసలాయన్ని పాటలకి లాక్కొచ్చిన ఘనత నీదే" అంది. ఆమెను ‘నువ్వు’ అంది. ఆగ్నెటె ఆ రూబార్బ్‌తో జామ్ చేసి, ఒక సీసా వాళ్ళకు తిరిగి ఇచ్చింది. ఊరిలో ఒకళ్ళ ఇంటికి గిన్నె వెళ్ళి ఇంకొకళ్ళ ఇంటినుంచి గిన్నె వచ్చే లెక్కలోకి తనూ చేరానని ఆమెకు అనిపించింది.

ఉప్పునీళ్ళు పోసి ఆరు వారాలు కావస్తుండగా, ఒక పొద్దున ఎడమ గొట్టంలో ముల్లు కదిలింది.

ఆమె మీటరు పైకి తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచింది. అదే అంకె. మధ్య గొట్టం చూసింది, కుడి గొట్టం చూసింది. అక్కడ రెండుచోట్లా నిన్నటి అంకెలే. మళ్ళీ ఎడమకొచ్చింది. ముల్లు అక్కడే నిలబడింది. కంచె దాటి ఐనార్ వస్తున్నాడు, ఒక చేతిలో ఫ్లాస్కు, రెండో చేతిలో రెండు కప్పులు. ఆమె ఇంకా మోకాళ్ళ మీదే ఉంది. రేపు చెప్పొచ్చు అనుకుంది. ఒక్క రోజు అంకె అంకె కాదు, వారం చూసి చెప్పడమే పద్ధతి అనుకుంది. అది నిజం కూడా. వారం రోజులు ఇంకా ఈ కుండీల మీద కూర్చోవచ్చు.

ఐనార్ ఆమె మొహం చూసి ఆగాడు.

"ఏ గొట్టం?"

"ఎడమది."

"నన్ను చూడనీ."

ఆమె మీటరు అతనికి ఇచ్చింది. తను నేర్పిన పద్ధతిలోనే అతను ముంచాడు, ముల్లు నిలిచేదాకా ఆగాడు, చదివాడు. కప్పులు గడ్డిలో పెట్టి కూర్చున్నాడు.

"పొరపాటుకి అవకాశం?"

"వారం చూస్తే పూర్తిగా తెలుస్తుంది."

"అది కాదు నేనడిగింది. నువ్వేమనుకుంటున్నావు?"

"ఇంకా పెరుగుతుందనుకుంటున్నా" అంది ఆమె.

అతను గాజు ఇళ్ళ వైపు చూశాడు. లోపల ఆడవాళ్ళు టమాటా తీగలు కడుతున్నారు, రేడియో మోగుతోంది. తర్వాత మెల్లిగా చెప్పాడు. మొదటి గాజు ఇంటి వెనక ఒక గుంట ఉండేదట. తనకు పద్దెనిమిదేళ్ళప్పుడు నాన్న దాన్ని పూడ్పించాడట. లోపలేముందని అడిగితే పగిలిన కుండీలన్నాడట. ఆ తర్వాత ఆ సంగతి అడిగిన పాపాన పోలేదు.

"మావాళ్ళకి నేనే చెప్తా. నువ్వు చెప్పొద్దు, ఆగ్నెటె. నా నోటినుంచే వినాలి."

ఆమె తలూపింది. ఆ రోజు కాఫీ ఎవరూ తాగలేదు.

వారం గడిచేసరికి ఎడమ గొట్టంలో ముల్లు ఇంకా పైకెక్కింది, కుడివైపు చలనం లేదు. ఆమె లెక్కలు మళ్ళీ వేసి చూస్తే కారణం దొరికింది. ఇసుక కింద గులకరాళ్ళ పాయ ఒకటి వాలుగా బావి వైపు పోతోంది. నీరు సులువైన దారి చూసుకుంది. పైనుంచి కొలిచిన వాలు వాగు వైపు చూపిస్తున్నా, లోపలి నీరు ఆ పాయలో పడి ఊరి బావికే వస్తోంది. జిల్లా కార్యాలయం నుంచి యంత్రాలు వచ్చాయి. గుంట తవ్వితే పగిలిన కుండీల కింద, తుప్పు పట్టి చిల్లులు పడ్డ డ్రమ్ములు బయటపడ్డాయి. మూతికి ముసుగు కట్టుకున్న మనుషులు వాటిని ఒక్కొక్కటే లారీకెక్కిస్తుంటే ఊరంతా రోడ్డు మీద నిలబడి చూసింది.

ఐనార్‌ను ఎవరూ తప్పుపట్టలేదు. తండ్రి చేసిన పనికి కొడుకేం చేస్తాడన్నారు. కానీ ఆ మట్టిలో పండిన టమాటా కొనేవాళ్ళు లేకపోయారు. ఎండాకాలం దాటకముందే తోట మూతపడింది. ఆడవాళ్ళు కొందరు హెర్నింగ్‌లో బట్టల మిల్లుకు బస్సులో వెళ్ళివచ్చే పని చూసుకున్నారు. కొందరికి ఏ పనీ దొరకలేదు.

ఆగ్నెటెను కూడా ఎవరూ తప్పుపట్టలేదు. ఎదురుగా అయితే లేదు. ఊరికి కొత్త బావి ఎక్కడ తవ్వాలో ఆమే లెక్కగట్టి చూపించింది, గులకరాళ్ళ పాయకు బాగా అవతల, పడమట. ఆ నీళ్ళు స్వచ్ఛంగా వచ్చాయి. బావి తెరిచిన రోజు నీటి సంఘం వాళ్ళు కేకు కోశారు. లౌరిట్స్ ఆమె చెయ్యి ఊపి ఊపి వదిలిపెట్టి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నువ్వు చేసిందాంట్లో తప్పేం లేదమ్మా. అది అందరికీ తెలుసు. కానీ తెలియడం వేరు గదా. మా కోడలు తోట పని పోయి ఇంట్లో కూర్చునుంది. దానికి నిన్ను చూస్తే ఏమనాలో తెలీదు, అంతే."

ఏమనాలో తెలియనివాళ్ళే ఊరినిండా. కొట్టులో ఆమె వెనక వరసలో నిలబడ్డవాళ్ళు డబ్బాల మీద రాతలు చదువుకునేవాళ్ళు. బోదిల్ కంచె దగ్గర కనబడితే తల ఊపేది, మళ్ళీ ‘మీరు’ అనేది. పాటల సాయంత్రాలకు ఆగ్నెటె రెండుసార్లు వెళ్ళింది. చుట్టూ అందరూ నోళ్ళు తెరిచి పాడుతుంటే ఆమె గొంతు లేచేది కాదు. మూడోసారి వెళ్ళలేదు.

ఐనార్ ఇల్లు ఖాళీ చేస్తున్నాడని ఆమెకు కొట్టులోనే తెలిసింది. మోర్స్ దీవిలో అతని చెల్లెలు ఉంది, అక్కడికి. ఆమె వెళ్ళింది. అతను వాకిట్లో పెట్టెలకు తాళ్ళు బిగిస్తున్నాడు. ఆమె ఒక కొస పట్టుకుంది, అతను ముడి వేశాడు. అలా రెండు మూడు పెట్టెలు కట్టారు.

"నామీద కోపంగా ఉందా?" అంది చివరికి.

"లేదు." అతను ముడి గట్టిగా లాగాడు. "ఉంటే బాగుండేది. కోపమైతే ఎప్పటికో పోతుంది. నీ తప్పేం లేదని నాకు తెలుసు, ఆ గొట్టాలు దింపమన్నది నేనే. కానీ నిన్ను చూస్తే ఆ పొద్దున్నే కళ్ళముందుకొస్తుంది, ఆగ్నెటె. ఎంత అనుకోకూడదన్నా వస్తుంది. నేనేం చెయ్యను?"

తనకు అతన్ని చూస్తే ఆ పొద్దున కాక, దానికి ముందు పొద్దులు గుర్తొస్తాయని చెప్పాలనుకుంది. చెప్పలేదు. చెప్తే అది అతని మీద ఇంకో బరువవుతుందనిపించింది. తాడు కొస వదిలిపెట్టి, చేతులు దులుపుకుని, వెళ్ళొస్తానంది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు తోఫ్ట్ తోట చుట్టూ గొట్టాలు కొలిచే పని ఆమెదే. డ్రమ్ములు తీసేసినా, మట్టిలోకి దిగిన మందు నీళ్ళతోపాటు మెల్లిగా కదులుతూనే ఉంది. అది ఎప్పటికి పలచబడుతుందో ఆమె లెక్క వేసింది. తను ఉద్యోగం నుంచి దిగిపోయాక కూడా చాలాకాలం పడుతుందని తేలింది. గాజు ఇళ్ళు కూల్చేశారు. ఆ చోట ఇంటి కప్పంత ఎత్తుకు బర్చ్ చెట్లు లేచాయి. అప్పుడప్పుడు ఆమె ఎడమ గొట్టం దగ్గర పని అయిపోయాక కూడా వెంటనే లేవకుండా, గాలి చప్పుడు వింటూ కాసేపు కూర్చునేది. తర్వాత అంకె పైకి చదువుకుని కారెక్కేది.

ఒక వేసవిలో ఉత్తరాన కొలతల పని పడి, ఆమె మోర్స్ దీవి మీదుగా రావలసి వచ్చింది. రావలసి వచ్చిందని ఆఫీసులో చెప్పింది గానీ, ఇంకో దారి ఉండనే ఉంది. తీరం రోడ్డు పక్కన ఒక చెక్క బల్ల, దాని మీద నారు పెట్టెలు. వెనక పడక కుర్చీలో గడ్డి టోపీ పెట్టుకున్న మనిషి. ఐనార్ బాగా ముసలివాడయ్యాడు.

ఆమె కారు దిగింది. అతను లేచి నిలబడ్డాడు. ఇద్దరూ ఎండ గురించి మాట్లాడుకున్నారు. ఈ ఏడు వానలు ఆలస్యమన్నాడు. చెల్లెలి మోకాళ్ళ సంగతి చెప్పాడు. అక్కడ టమాటా బాగా వస్తోందా అని ఆమె అడిగితే, గాలి ఎక్కువ, అయినా ఫరవాలేదన్నాడు. గొంతును బట్టి చూస్తే బాగానే వస్తున్నట్టుంది. చివరికి, బల్ల మీది మట్టి చేత్తో తుడుస్తూ అడిగాడు.

"ఇంకా ఉందా, అక్కడ?"

"ఉంది. తగ్గుతోంది. పోయినేటికంటే బాగా తగ్గింది."

"ఎడమదాంట్లో?"

"ఎడమదాంట్లో కూడా."

అతను తలూపాడు. అతను వంగి, ఒక పెట్టెలో లావెండర్ నారు ఏరి ఏరి సర్ది ఆమె చేతిలో పెట్టాడు. ఎర్ర ఇటుకల గోడకు ఎండ తగిలే వైపు నాటమన్నాడు, మొదటి వారం నీళ్ళు తప్పకుండా పొయ్యమన్నాడు, ఆ తర్వాత దాన్ని దాని మానాన వదిలెయ్యమన్నాడు. ఇల్లు ఎర్ర ఇటుకలదని అతనికింకా గుర్తుంది. మళ్ళీ రమ్మని అనలేదు. ఆమె కూడా వస్తానని అనలేదు.

సాయంత్రం దీవినుంచి కార్లు దాటించే పడవలో, కారులోంచి దిగకుండా కూర్చుంది. చుట్టూ జనం రెయిలింగు దగ్గర చేరి నీళ్ళు చూస్తున్నారు, పిల్లలు పక్షులకు రొట్టె విసురుతున్నారు. ఆమె కారు అద్దాలు పైకెత్తి, పక్క సీటులో ఉన్న నారు పెట్టె జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుంది. పడవ అవతలి ఒడ్డుకు తగిలి, ముందు కారు కదిలేదాకా అలాగే పట్టుకుని ఉంది.